ఆరేదాక నీళ్లు

1962 ఫిబ్రవరి 3

ఈ డైరీ నిరుటిది. పెద్దసారు ఒక్క ముక్క కూడా రాయకుండా పారేస్తే ఆఫీసు చెత్తబుట్టలోంచి ఏరుకున్నాను. వారాలు ఒకరోజు తేడా వస్తాయి. దిద్దుకుంటే సరిపోతుంది. సిమెంటు పరీక్షల లాబు రిజిస్టర్లలో అంకెలు రాసీ రాసీ నాకు మాటలు మరిచిపోయేట్టున్నాయి, అందుకే ఇది.

ఇవాళ పట్నం నుంచి లారీ వచ్చింది. దాని నిండా బూడిద. ఊరూరా పొయ్యికో తట్టెడు దొరికే దాన్ని లారీ కట్టించి తెప్పించుకున్న మొనగాణ్ణి నేను చూడలేదు. ఆ మొనగాడు మా ఇంజనీరు భిక్షం గారే. ఆయనదీ మా నల్లగొండ జిల్లానే. ముందు పుట్టిన ముగ్గురు పోతే, నాలుగోవాణ్ణి చాటలో వేసుకుని ఐదిళ్లు బిచ్చమెత్తి వాళ్లమ్మ ఆ పేరు పెట్టిందట. ఆయనే చెప్పి ఆయనే నవ్వుతాడు.

సిమెంటు దొరకడం లేదు. కాలువ మీద పనులన్నీ దానికోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. నాలుగు పాళ్ల సిమెంటులో ఒక పాలు తీసేసి ఆ జాగాలో బూడిద వేస్తారట. వాగు మీంచి మా పిల్లకాలువను దాటించడానికి మూడు కంబాలు లేపుతున్నాం కదా, అందులో నడిమి కంబం బూడిదది. మొదటిదీ మూడోదీ మామూలువి.

సాయంత్రం ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టాను. పెట్టినట్టే తెలియలేదు. చెయ్యి మునిగిపోయింది, అంతే. అంత మెత్తన.

ఫిబ్రవరి 4

మట్టి పరీక్షల వాళ్ల మైక్రోస్కోపు అడిగి తెచ్చాడు భిక్షం సారు. చిటికెడు బూడిద గాజుపలక మీద వేసి "సూడు మారయ్యా" అన్నాడు.

చూశాను. బూడిద లేదు. గాజు పూసలున్నాయి. గుండ్రంగా, ఒకదాన్ని మించి ఒకటి నున్నగా, కొన్నింటి కడుపులో ఇంకా చిన్న పూసలు. లక్షలు. ఎవరు చేశారు వీటిని? ఎవరూ చేయలేదు. బొగ్గు కాలింది, పొగగొట్టంలోకి పోతూ పోతూ గట్టిపడ్డాయి, అంతేనట. కళ్లు తీయబుద్ధి కాలేదు. సారు నా వీపు తట్టి, "ఇగ చాలు, నాకు గూడ జర సూడనీ" అన్నాడు.

మా అమ్మ గోపమ్మ కందులు ఎత్తిపెట్టేటప్పుడు బూడిద కలిపేది. పురుగు పట్టదని. చేతినిండా తీసి గింజల మీద చల్లేది. ఆమె చేతిలో ఇవే ఉన్నాయా? నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరి 6

కూలోళ్లు బూడిదను ముట్టం అన్నారు. అది వల్లకాటి బూడిద అని ఎవడో పుట్టించాడు. అందరికన్నా ముందు మొరాయించింది, పోసిన కంబాలకు నీళ్లు కొట్టే సైదమ్మ.

"గింత మెత్తటి బూడిద ఏ పొయ్యిల నేను సూడలే. ఇది మనుషులదే. నా పెనిమిటిని కాల్చి ఏడాది గాలే, నాకు తెల్వదా?"

"పెద్దమ్మా, ఇది కరెంటు పొయ్యిల బూడిద. పట్నంల బొగ్గు కాలిస్తే లైట్లు ఎలుగుతయి. గా బొగ్గుది" అన్నాను.

"కరెంటుకు గూడ పొయ్యుంటదా?"

"ఉంటది."

"మరి ఎవరు ఊదుతరు?"

అందరూ నవ్వారు. నవ్వాక పని సగం తేలికయింది. కానీ ఒక షరతు పెట్టారు. లాబు తొట్టిలో వాళ్లు మొహాలు కడుక్కుంటారు కాబట్టి పరీక్ష కోసం పోసే బూడిద దిమ్మలు అందులో నానబెట్టొద్దట. సరేనని ఊళ్లోంచి పాత కుడితి గోలెం ఒకటి బండి మీద తెప్పించాను. అడుగున సన్నటి నెర్రె ఉంది. సున్నం పూశాను.

ఫిబ్రవరి 12

నడిమి కంబం పోశాం. పొద్దున ఆరింటికి మొదలు, పొద్దుగూకేదాక. కలిపిన మాలు సిమెంటు మాలులా మొండికేయలేదు, నెయ్యి కలిసిన సంకటిలా జారింది. అదే మాలుతో ఆరంగుళాల దిమ్మలు తొమ్మిది పోశాను. వాటిని గోలెంలో నానబెట్టి, ఏడోరోజు మూడు, ఇరవై ఎనిమిదోరోజు మూడు, తొంభయ్యోరోజు మూడు మిషన్ కింద పెట్టి పగలగొట్టాలి. దిమ్మలు ఎంత బరువు ఓరిస్తే కంబం అంత ఓరుస్తుందని లెక్క. ఇరవై ఎనిమిదికి చదరపు అంగుళానికి రెండువేల ఐదువందల పౌండ్లు ఓర్చాలి. లేకపోతే కంబానికి ఆయుష్షు లేనట్టే.

భిక్షం సారు కాగితం రాసిచ్చాడు: కంబానికి గోనెపట్టాలు చుట్టి పద్నాలుగు రోజులు తడపాలి. సైదమ్మకు చదువు రాదు. నేను వెళ్లి చెప్పాను.

"ఎన్నొద్దులు పొయ్యాలె బిడ్డా?"

కూర్చుని రోజులు లెక్క చెప్పే ఓపిక లేదు. వొళ్లు హూనమైంది. "ఆరేదాక పొయ్యి పెద్దమ్మా" అన్నాను. మేస్త్రీలు అట్లాగే అంటారు.

ఫిబ్రవరి 13

సైదమ్మ పరుగెత్తుకొచ్చింది. "మారయ్యా, కంబం ఏడిగున్నది! జొరం పట్టినట్టున్నది!" సిమెంటు నీళ్లతో కలిస్తే వేడి పుడుతుందని చెప్పాను. ఆమె నా మాట సగం విని, బిందె ఎత్తుకుని పోయింది.

ఫిబ్రవరి 19

ఏడోరోజు దిమ్మలు పగలగొట్టాం. పోలికకు పోసిన మామూలు సిమెంటు దిమ్మ పదిహేడు వందలు ఓర్చింది. బూడిదది తొమ్మిదివందల యాభై.

పెద్దసారు వచ్చి మిషన్ ముల్లు చూశాడు. "ఏవయ్యా భిక్షం, ఇదేనా నీ బూడిద మహిమ?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నలభై ఏళ్లు కాలువల మీదే బతికినవాడు, కంబం కూలితే కింద ఎవరుంటారో తెలిసినవాడు. గుమాస్తా మాత్రం "బూడిదలో పోసిన పన్నీరు" అని పక్కకు తిరిగి నవ్వాడు. వాడికి ఈ సామెత వాడే అవకాశం జన్మకోసారి వచ్చింది.

భిక్షం సారు నన్ను బయటికి తీసుకుపోయి చెప్పాడు. "మారయ్యా, సిమెంటు నీళ్లు తాగి గట్టిపడేటప్పుడు జర సున్నం మిగులుతది. గా సున్నం తినేటందుకే బూడిద. అందరు తిన్నంక ఆఖరి బంతిల కూసున్నోని లెక్క. ఆలిశెం అయితది గని కడుపునిండ తింటది. ఒక్కటే షరతు, తినేదాక నీళ్లుండాలె. నీళ్లు పోతే ఇస్తరి గుంజుకున్నట్టే."

చచ్చిన నిప్పు సున్నం తిని రాయవుతుంది. ఇది విన్నాక అన్నం సహించలేదు. ఆశ్చర్యంతో కూడా ఆకలి పోతుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 22

మా ఊరు కట్టంగూర్ నుంచి కబురు. మందలో గొర్లకు గాలికుంటు తగిలింది, నాయిన ఒక్కడే ఉన్నాడు. రెండు రోజుల్లో వస్తాను. సారుకు చెప్తే వద్దంటాడేమో. గోలెం నిండా నీళ్లు పోశాను.

మార్చి 2

వచ్చాను. పదకొండు గొర్లు పోయాయి. నాయిన ఒక్కొక్కదాని చెవి పట్టుకుని పేరు చెప్పి మరీ పూడ్చాడు. నాయిన బీరన్న పెద్ద మనిషి అనుకునేవాణ్ణి, ముసలివాడు అని ఇప్పుడే చూశాను.

నేను పోయిన రోజే సారు సిమెంటు కోసం పట్నం పోయాడట, నేను లేనిది ఆయనకు తెలియదు. రిజిస్టరులో ఎనిమిది రోజులు ఖాళీగా ఉన్నాయి. నింపాను. "గోలెం: నిండుగా." ఎనిమిదిసార్లు.

మార్చి 3

గోలెంలో నీళ్లున్నాయి. నేను వచ్చేసరికి ఉన్నాయి.

మార్చి 5

అడుగున ఉన్నాయి.

మార్చి 6

సైదమ్మను మూడో కంబానికి మార్చి వారం దాటింది. అయినా నడిమి కంబానికి కూడా పోస్తూనే ఉంది. దారిలోనే కదా, పోసుకోనీ.

మార్చి 12

ఇరవై ఎనిమిదోరోజు. మామూలు దిమ్మ రెండువేల ఆరువందల యాభై. బూడిద దిమ్మ పదిహేడు వందలు.

భిక్షం సారు ముల్లు వైపు చూస్తూ ఉండిపోయాడు. "గింత తక్కువ రావొద్దే" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. "నీళ్లు మంచిగనే ఉన్నయి గద మారయ్యా?"

"ఉన్నయి సార్" అన్నాను.

ఎండాకాలం కదా, కొంచెం తగ్గి ఉంటాయి. అంతమాత్రాన తొమ్మిదివందల పౌండ్లు తగ్గుతాయా? తగ్గవు. బూడిదే మంచిది కాదేమో.

మార్చి 14

నడిమి కంబం పగలగొట్టాలని ఆర్డరు వచ్చింది. రాళ్లు కొట్టే కాటమయ్య మనుషులు ఇప్పుడు వేరేచోట ఉన్నారు, ఉగాది అయినంక వస్తారు. మిగిలిన బూడిద బస్తాలు గుంతలు పూడ్చడానికి వాడుకోమన్నారు. భిక్షం సారుకు బదిలీ అంటున్నారు. ఆయన మైక్రోస్కోపు తుడిచి పెట్టెలో పెట్టి, మట్టి పరీక్షల వాళ్లకు తనే మోసుకెళ్లి ఇచ్చాడు.

మార్చి 25

సైదమ్మ ఇంకా పోస్తూనే ఉంది. రోజుకు రెండుసార్లు. కూలోళ్లకు ఆమె ఒక వేడుక అయింది. "అవ్వా, కోతకు పొయ్యే పొట్టేలుకు పచ్చగడ్డి ఎందుకే?" అంటున్నారు. ఆమె ఇంకో బిందె ముంచుకుంటుంది.

నేను ఆ దారిన పోవడం మానేశాను.

ఏప్రిల్ 2

నాయినకు ఉత్తరం రాశాను. నా పని బాగుంది అని రాశాను. నా పని నిజంగానే బాగుంది. పర్మనెంటు చేస్తామన్నారు.

ఏప్రిల్ 9

రేపో ఎల్లుండో కాటమయ్య వస్తాడు. ఇవాళ పొద్దున తప్పనిసరై వాగులోకి దిగాను. సైదమ్మ గోనెపట్టా పక్కకు తీసి, కంబానికి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. కోడలి కడుపు మీద చెయ్యి పెట్టినట్టు.

"ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా? దీన్ని పగలగొడుతరని తెల్వదా?"

"తెలుసు."

"మరి ఇంక ఎందుకు పోస్తున్నవ్?"

ఆమె నన్నే వింతగా చూసింది. "నువ్వే అన్నవ్ గద బిడ్డా, ఆరేదాక పొయ్యమని."

"అన్న. ఆరి రెండు నెలలయె."

"ఏడ ఆరింది? సెయ్యి పెట్టు." నా చెయ్యి పట్టుకుని కంబానికి అదిమింది. సూర్యుడింకా గట్టెక్కలేదు, వాగులో చలిగాలి వీస్తోంది, కంబం మాత్రం లోపలి నుంచి గోరువెచ్చగా ఉంది. "సూసినవా? బూడిద కింద నిప్పున్నది. నా పెనిమిటిది మూడోనాటికి నీళ్లు సల్లితె ఆరింది. ఇది ఆరలే. ఆరకుంట ఇడిశిపెడితె ఎట్ల?"

నేను ఆరడమంటే తడి ఆరడం అనుకున్నాను. ఆమె నిప్పు ఆరడం అనుకుంది. ఒక్క మాట. ఆ ఒక్క మాట పట్టుకుని యాభై ఆరు రోజులు బిందెలు మోసింది.

నిన్నటి ఎండ కంబం పొట్టలో ఉండి ఉంటుంది, అందుకే వెచ్చన, అని చెప్పబోయాను. అంతలో ఇంకోటి తట్టింది. ఈ కంబం ఒక్కరోజు కూడా ఎండలేదు. ఎండింది నా దిమ్మలు. కంబం మీద చావు తీర్పు చెప్పింది నా దిమ్మలు.

సైదమ్మ కాళ్ల మీద పడదామనిపించింది. బిందె తీసుకుని వాగులో ముంచి తెచ్చి, నేనూ పోశాను.

ఏప్రిల్ 10

రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

మార్చి రెండున నేను వచ్చేసరికి గోలెం ఎండి ఉంది. నెర్రెకు పూసిన సున్నం ఊడింది. నీళ్లు లేవు, అడుగున కూడా లేవు. దిమ్మల మీద చీమలు తిరుగుతున్నాయి. ఎన్ని రోజుల నుంచి ఎండాయో దేవుడికి తెలియాలి. నేను నీళ్లు నింపి, ఎనిమిదిసార్లు "నిండుగా" అని రాశాను.

ఆఖరి బంతిలో కూర్చున్నవాడి ముందు నుంచి విస్తరి లాక్కున్నది నేనే.

చెప్తే ఉద్యోగం పోతుంది. మందలో పదకొండు గొర్లు పోయాయి, ఇంట్లో జీతం వచ్చేది నాకొక్కడికే. చెప్పకపోతే కంబం పోతుంది, సారు పోతాడు, బూడిద అబద్ధం అయిపోతుంది. అది అబద్ధం కాదు. నేను కళ్లతో చూశాను దాన్ని.

ఏప్రిల్ 11

చెప్పాను. భిక్షం సారు పెట్టె సర్దుకుంటున్నాడు. అంతా విని, చేతిలో ఉన్న చొక్కాను మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

"ఎనిమిదొద్దులా?"

"ఎనిమిది సార్."

"నెల దినాల సంది నేను నిద్ర పోలే మారయ్యా. నా లెక్క ఏడ తప్పిందా అని." అని గోడకేసి తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి చెప్పులు తొడుక్కున్నాడు. "నడువ్. నా పేరే భిక్షం. అడుక్కునుడు నాకు కొత్త గాదు."

పెద్దసారు ముందు నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. సైదమ్మ సంగతి కూడా చెప్పాను. ఆయన రిజిస్టరు తెప్పించుకుని ఎనిమిది "నిండుగా"ల మీద ఒక్కొక్కదాని మీదా ఎర్ర పెన్సిలుతో గీత కొట్టాడు. తర్వాత అద్దాలు తీసి అడిగాడు. "ఆవిడ ఇప్పటికీ పోస్తోందా?"

"పొద్దున గూడ పోసింది సార్."

"దిమ్మల మాట వద్దు. కంబాన్నే అడుగుదాం. పైనుంచి ఒక ముక్క తీయించండి. రెండువేల ఐదువందలకు ఒక్క పౌండు తగ్గినా కొట్టేయడమే."

ఏప్రిల్ 13

కాటమయ్య వచ్చాడు. కంబం తలకాయ దగ్గర పరంజా కట్టుకుని ఉలి పెట్టాడు. ఆ సమ్మెట మోత విని కూలోళ్లంతా గట్టు మీద చేరారు. సైదమ్మ రాలేదు. "కొట్టేది నేను సూడ" అంది.

పూటకు ముక్క తీసేస్తానన్నవాడు పొద్దుగూకేదాక తీయలేకపోయాడు. రెండు ఉలులు మొద్దుబారాయి. దిగి వచ్చి చెమట తుడుచుకుంటూ, "సారూ, ఇది పోసింది అంటె నేను నమ్మ. ఇది గుట్టకెళ్లి తీసిన రాయి. ఇనుము తిరగబడుతాంది" అన్నాడు.

నలభై ఏళ్లుగా రాయి కొడుతున్న మనిషి.

ఏప్రిల్ 16

ముక్క వచ్చింది. కాటమయ్య ఇంటిల్లిపాదీ కూర్చుని దాన్ని ఆరంగుళాల దిమ్మగా చెక్కారు.

ఏప్రిల్ 17

మిషన్ తిప్పడానికి నన్ను ఉంచలేదు. తలుపు దగ్గర నిలబడమన్నారు. భిక్షం సారే తిప్పాడు.

తొమ్మిదివందల యాభై దాటింది. పదిహేడు వందలు దాటింది. రెండువేల ఐదువందల దగ్గర సారు చెయ్యి ఆగింది, పెద్దసారు "తిప్పవయ్యా" అన్నాడు. మామూలు సిమెంటు దిమ్మ చచ్చిన చోటు దాటింది. మూడువేలు. ముల్లు ఇంకా పోతూనే ఉంది. మూడువేల రెండువందలు దాటాక ఫెళ్లుమంది. రేకుల కప్పు మీద పావురాలు లేచిపోయాయి.

పెద్దసారు పెంకు ఒకటి ఏరి వెలుతురులో పట్టుకున్నాడు. "ఇటు రా" అని నన్నే పిలిచాడు. మామూలుగా దిమ్మ పగిలితే కంకర రాళ్లు గుల్లలోంచి గింజల్లా ఊడివస్తాయి. ఇందులో ఊడలేదు. రాళ్లే రెండుగా చీలాయి. బూడిద రాయిని వదల్లేదు, రాయే ఓడిపోయింది.

ఆయన చాలాసేపు చూశాడు. నలభై ఏళ్లు కాలువల మీద బతికిన మనిషి, ఆ పెంకును చేతిరుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. "కంబం ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, "నువ్వు లాబులో ఉండవు" అన్నాడు.

"సరే సార్" అన్నాను. నిజంగా సరే అనే అనిపించింది.

ఏప్రిల్ 18

సైదమ్మకు చెప్పడానికి వెళ్లాను. కంబం ఉంటుందని చెప్పాను. ఆమెకు అదేమీ గొప్పగా అనిపించలేదు. "ఉండక ఏడికి పోతది" అంది. "నీ కొలువో?"

"లాబుల తీసేసిన్రు. కూలీల్ల పెట్టుకుంటమన్నరు. నీతోని నీళ్లు కొట్టుడు."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "బిందె మోస్తవా?"

"మోస్త."

"మొదాలు అబద్దం మోసినవ్ గద, బిందె అల్కగనే ఉంటది" అని, చిన్న బిందె నాకిచ్చి పెద్దది తను ఎత్తుకుంది.

1967 ఆగస్టు 20

పెట్టె అడుగున ఈ డైరీ దొరికింది. ఖాళీ పేజీలు ఇంకా ఉన్నాయి.

కాలువకు నీళ్లు వదిలారు. ఇవాళ మా వాగు దగ్గరికి వచ్చాయి. ముందు ఎండుటాకులు వచ్చాయి, తర్వాత నురగ, దాని వెనక ఎర్రటి నీళ్లు. మూడు కంబాల మీద ఎక్కి, వాగు దాటి, అవతలి ఒడ్డున హాలియా పొలాల వైపు పోయాయి. జనం టెంకాయలు కొట్టారు. నాయిన కట్టంగూర్ నుంచి వచ్చాడు. నీళ్లు తల మీదుగా పోవడం చూసి, "ఇదేందిరా, నీళ్లు నడుస్తున్నయా?" అని నోరు తెరిచి అక్కడే కూర్చుండిపోయాడు. నేను నీళ్లు కొట్టే కూలీలకు మేస్త్రీని ఇప్పుడు. భిక్షం సారు వేరే జిల్లాలో ఉన్నాడు, అక్కడా బూడిదే కలుపుతున్నాడట. ఈ కబురు ఆయనకు ఉత్తరం రాయాలి.

సైదమ్మకు కళ్లు సరిగా ఆనవు. చెయ్యి పట్టి వాగులోకి దింపాను. తడుముకుంటూ పోయి, మొదటి కంబం వదిలేసి, నడిమి దాని దగ్గర ఆగింది. ఎట్లా తెలిసిందో. అరచెయ్యి ఆనించింది. నేనూ పక్కన ఆనించాను.

"ఆరిందా పెద్దమ్మా?"

"ఇంక ఆరలే బిడ్డా." చెయ్యి తీయలేదు. "నాకు సేత గాదు ఇగ. ఎవలు పోస్తరు?"

అప్పుడు ఆమె చేతి మీద ఒక చుక్క పడింది. ఇంకోటి పడింది. తలెత్తి చూశాను. పైన కాలువ జాయింటు దగ్గర సన్నగా ఊరుతోంది, ఆ నీళ్లు నడిమి కంబం ఒళ్లంతా తడుపుకుంటూ మెల్లగా దిగుతున్నాయి. సైదమ్మ తడి చేతిని మొహానికి రాసుకుని నవ్వింది. "కాల్వ పోస్తాంది" అంది.

జాయింటు కారుతోందని రిపోర్టు రాయాలి. దాచను, రేపు పొద్దున్నే రాస్తాను. ఇవాళ ఒక్క పూట పోయనీ.